పెంకుల్లో చక్కెర

ఆమెను అందరూ పెంకమ్మ అనే పిలుస్తారు. రొయ్యల షెడ్డులో పెంకులు వలిచే పనిలో ఇరవయ్యో ఏట చేరింది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. కాదు, పట్టిన పట్టు విడవని పెంకితనం చూసి పెట్టారని ఆమె భర్త అంటాడు. "పెంకులు వలవడం ఏదో ఒకరోజు మానేస్తుంది. రెండోది మానదు. కాబట్టి పేరుకేం ఢోకా లేదు," అంటాడాయన. ఆయన దర్జీ. పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పట్టుకుని కూడా చలోక్తి విసరగల మనిషి.

షెడ్డు రేవు పక్కనే ఉండేది. పైన రేకులు, కింద ఎప్పుడూ తడిగా ఉండే సిమెంటు నేల, మధ్యలో బారుగా స్టీలు బల్లలు. ఒక్కో బల్లకు అటు ఆరుగురు, ఇటు ఆరుగురు నిలబడి వలిచేవారు. తల పట్టుకుని ఒక మెలిక, బొటనవేలి గోరు కాళ్ళ కిందుగా దూర్చి ఒక లాగు, అంతే. ఐసు నీళ్ళలో నాని నాని వేళ్ళ కొసలు చిట్లిపోయేవి. చేతి తొడుగులు ఇచ్చేవారు గానీ వాటితో వేగం రాదని ఎవరూ వేసుకునేవారు కాదు. ఆ బల్ల ముందు పద్దెనిమిదేళ్ళు నిలబడింది పెంకమ్మ. కళ్ళకు గంతలు కట్టి చేతిలో రొయ్య పెట్టినా అది ఈ పూటదో నిన్నటిదో, పెంకు ముదురో లేతో చెప్పగలిగేది. ఆ విద్యకు షెడ్డులో పెద్ద విలువేమీ లేదు. మేస్త్రీకి కావలసింది తట్టలు నిండడమే.

విచిత్రం ఏమిటంటే, ఆమె ఇంట్లోకి రొయ్య గడప దాటి రాకూడదు. దర్జీకి రొయ్యలు పడవు. తినడం మాట అటుంచి, రొయ్య నీళ్ళు తగిలిన గుడ్డ ముట్టుకున్నా మణికట్టు నుంచి మోచేతి దాకా దద్దుర్లు తేలతాయి. పెళ్ళయిన రెండో రోజునే ఈ సంగతి బయటపడింది. "నీ చెయ్యి పట్టుకుంటే ఒళ్ళు పులకరిస్తుందనుకున్నా గానీ, ఇలా దురద పుడుతుందనుకోలేదే," అన్నాడట. ఆ మర్నాటి నుంచీ ఆమె షెడ్డులోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని, విప్పినవాటిని మూత ఉన్న బకెట్లో పెట్టి ఇంటికి వచ్చేది. ఏ ఒక్కరోజూ అది తప్పలేదు.

షెడ్డు వెనక పెంకుల కుప్ప ఉండేది. రెండు రోజులకోసారి సాయంత్రం లారీ వచ్చి ఎత్తుకుపోయేది. ఒకరోజు మధ్యాహ్నం ఆ కుప్ప దగ్గర ముప్పై దాటిన ఒకావిడ, సన్నగా, కళ్ళజోడుతో, ఒక చేత్తో ముక్కు మూసుకుని రెండో చేత్తో సంచి నింపుకుంటూ కనిపించింది. పెంకమ్మ చేతులు కడుక్కోవడానికి బయటికి వచ్చింది. ఊరికే పోబుద్ధి కాలేదు.

"అమ్మా, ఎందుకవి?"

"ప్రయోగానికండీ. వీటిలోంచి మందు సరుకు తీస్తాం."

"అయితే ఆ పక్కవి తీసుకోకండి. అవి నిన్నటివి. వేడికి కుళ్ళడం మొదలైంది. ఇటుపక్కవి ఇందాక పోసినవి."

ఆవిడ సంచిలోకి తొంగి చూసింది. "నాకు రెండూ ఒకలాగే ఉన్నాయే."

"చూస్తే ఒకలాగే ఉంటాయి. ముట్టుకోండి."

ఆవిడ ముట్టుకుంది. ఏమీ తెలియలేదు. మళ్ళీ ముట్టుకుంది. సంచి మొత్తం నేల మీద బోర్లించి, "మీరే ఏరి ఇస్తారా?" అని అడిగింది. నెల తిరగకుండానే పెంకమ్మ ఆ షెడ్డు వదిలి, రెండు వీధుల అవతల పాత ఐసు ఫ్యాక్టరీలో ఆవిడ పెట్టిన చిన్న కార్ఖానాలో చేరింది. మేస్త్రీ మొహం మాడ్చుకున్నాడు. "చెత్త ఏరడానికి పోతున్నావా?" అన్నాడు. "ఇన్నాళ్ళూ చెత్త చేశాను కదా, ఏరడం కూడా నేర్చుకుంటాను," అని చెప్పి వచ్చేసింది.

ఆవిడ పెద్ద చదువు చదివింది. తలుపు మీద పేరుకు ముందు డాక్టర్ అని ఉండేది. దాంతో ఆ వీధిలో దగ్గు వచ్చినా, నడుం పట్టేసినా జనం తలుపు తట్టేవారు. "నేను ఆ డాక్టర్ని కాదండీ, నాది రసాయనశాస్త్రం," అని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, చివరికి బల్ల సొరుగులో దగ్గు బిళ్ళలు పెట్టుకుంది. అందరికీ ఆవిడ డాక్టరమ్మే.

మొదటి వారం డాక్టరమ్మ పెంకమ్మను కూర్చోబెట్టి, ఏం చేయబోతున్నారో చెప్పింది.

"అక్కా, ఈ పెంకులో మూడు ఉంటాయి. సున్నం, ప్రోటీను, మూడోది చక్కెర."

పెంకమ్మ నవ్వు ఆపుకుంది. "పద్దెనిమిదేళ్ళు వలిచానమ్మా. చీమ కూడా పట్టదు వాటికి."

"విడిగా ఉన్న చక్కెర తియ్యగా ఉంటుంది. అవే రేణువులు వేలకి వేలు చెయ్యి చెయ్యి పట్టుకుని గొలుసులా నిలబడితే తీపి పోతుంది, బలం వస్తుంది. పత్తిలో ఉన్నదీ అలాంటి గొలుసే. చెట్టు మానులో ఉన్నదీ అదే. పెంకులో ఉన్న గొలుసు వాటికి దాయాది. దానికో గుణం ఉంది. సరిగ్గా శుభ్రం చేసి, దాని తీరు కొంచెం మార్చితే, రక్తం తగలగానే దాన్ని పట్టేసుకుంటుంది. గాయం మీద పెడితే రక్తం కట్టేస్తుంది."

ఆ సాయంత్రం పెంకమ్మ ఈ సంగతి ఇంట్లో చెప్పింది. దర్జీ మిషను తొక్కడం ఆపి, సూదిలోని నూలు దారం కేసి కాసేపు చూశాడు.

"అంటే ఇదీ చక్కెరేనా?"

"అట."

"ఇన్నాళ్ళూ బట్టలు కుడుతున్నాననుకున్నా. మిఠాయి వ్యాపారమన్నమాట," అని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు.

నవ్వులాట ఎలా ఉన్నా పని మాత్రం నవ్వులాట కాదు. కడిగిన పెంకుల్ని ముందు పలచటి యాసిడ్ తొట్టిలో వేయాలి. సున్నం నురగై కరిగిపోతుంది. తర్వాత పలచటి కాస్టిక్ సోడా నీళ్ళలో వేడిచేస్తే ప్రోటీను పోతుంది. ఆ తర్వాత చిక్కటి కాస్టిక్‌లో గంటల తరబడి ఉడికించాలి. అప్పటికి పెంకు తెల్లటి రేకుల్లా మిగులుతుంది. ఆ రేకుల్ని కడిగి, ఎండబెట్టి, వెనిగర్ వాసన వచ్చే యాసిడ్ నీళ్ళలో వేస్తే కరిగి, తేనెలాంటి జిగురు తయారవుతుంది. దాన్ని గుడ్డలో వడగట్టి, పళ్ళేల్లో పోసి, గడ్డకట్టించి, యంత్రంలో తేమంతా లాగేస్తే దూది కన్నా తేలికైన తెల్లటి బిళ్ళలు వస్తాయి. వడగట్టే సంచులు ఎక్కడా సరైనవి దొరకలేదు. కుట్టులోంచి చెత్త కారిపోయేది. రెండు వరసల కుట్టు వేసి, అంచు లోపలికి మడిచి, దర్జీ కుట్టిచ్చిన సంచులే నిలిచాయి.

పెంకమ్మ అయిదో తరగతితో చదువు మానేసింది. అయినా మొదటి ఏడాదిలోనే థర్మామీటరు చూడడం, యాసిడ్ కొలవడం, రిజిస్టరులో గుండ్రటి పెద్ద పెద్ద అక్షరాలతో రాయడం నేర్చుకుంది. కళ్ళద్దాలు, రబ్బరు తొడుగులు, మెడ నుంచి మోకాళ్ళ దాకా ఏప్రాను లేకుండా తొట్టి దగ్గరికి వచ్చిన వాళ్ళను, డాక్టరమ్మనైనా సరే, వెనక్కి పంపేసేది.

అన్నీ బాగానే ఉన్నాయనుకుంటుండగా సరుకు మొండికేసింది.

ఒక్కోసారి జిగురు తేనెలా వచ్చేది. ఒక్కోసారి అదే కొలత, అదే వేడి, అదే సమయం పెట్టినా నీళ్ళలా జారిపోయేది. ఆ నీళ్ళ జిగురుతో చేసిన బిళ్ళలు వేలితో తాకగానే ఎండుటాకులా పొడైపోయేవి. డాక్టరమ్మ కాస్టిక్ మార్చింది, నీళ్ళు మార్చింది, పాత్రలు మార్చింది. ఆరు నెలలు తిరిగినా ఫలితం లేదు. కార్ఖానాకి సాయం చేస్తున్న పెద్దలు విసుక్కోవడం మొదలుపెట్టారు. ఆవిడ భోజనం డబ్బా తెరిచి, ఏమీ ముట్టకుండా మూసేసిన రోజులు పెంకమ్మ చూసింది.

ఏం చేయాలో ఆమెకూ తెలియలేదు. కానీ దర్జీ కొట్లో దారం కంపెనీవాళ్ళ క్యాలెండరు వేలాడుతుండేది. సరుకు బాగా వచ్చిన రోజున దాని మీద పెన్సిలుతో సున్నా చుట్టేది, చెడిన రోజున అడ్డగీత గీసేది. ఎందుకు గీస్తున్నావని దర్జీ అడిగితే, "ఏమో, ఊరికే మనసులో పెట్టుకుంటే తల బద్దలవుతోంది," అంది.

నాలుగు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం దర్జీ కత్తెర పదును పెట్టుకుంటూ క్యాలెండరు ముందు నిలబడ్డాడు.

"ఏమోయ్, ఇటు రా. నీ అడ్డగీతలు వరసకట్టి వస్తున్నాయి చూడు. నాలుగైదు రోజులు వరసగా గీతలు, తర్వాత పది రోజులు సున్నాలు, మళ్ళీ గీతలు. డిజైను వేసినట్టు."

పెంకమ్మ వచ్చి చూసింది. గీతలన్నీ అమావాస్య దాటాక, పున్నమి దాటాక ఉన్నాయి. అవి లేతపెంకు రోజులు.

రొయ్య పెరిగినప్పుడల్లా పాత పెంకు విడిచేసి కొత్తది తొడుక్కుంటుంది. ఆ రేవుకు వచ్చే రొయ్యల్లో ఎక్కువ భాగం అమావాస్యకో పున్నమికో విడిచేవి. ఆ తర్వాత కొన్నాళ్ళు పెంకు ఉల్లిపొరలా మెత్తగా ఉంటుంది, గోటికి దొరక్క చిరిగిపోతుంది. బల్ల దగ్గర ఆడవాళ్ళందరికీ ఆ రోజులంటే చిరాకు. ఈ ముక్క ఏ పుస్తకంలోనూ వెతకనక్కర్లేదు, షెడ్డులో ఎవర్నడిగినా చెబుతారు. కానీ అడిగిందెవరు?

కారణం లేతపెంకేనని తెలిసింది గానీ, లేతపెంకులో తప్పేమిటో తెలియలేదు. మరుసటి రోజు వచ్చిన బస్తా లేతపెంకుదే. ఆమె దాన్ని యాసిడ్‌లో వేసి, వేరే పనికి పోకుండా తొట్టి పక్కనే పీట వేసుకుని కూర్చుంది. పెంకు వేయగానే సోడా సీసా మూత తీసినట్టు సుయ్‌మని చప్పుడు వస్తుంది. ముదురు పెంకుకైతే ఆ చప్పుడు గంటన్నర పైగా వినబడుతుంది. ఈసారి అరగంటకే సద్దుమణిగింది. చెవి దగ్గరగా పెట్టింది. నిశ్శబ్దం. గోడ మీద కాగితంలో మాత్రం రెండు గంటలు ఉంచాలని రాసి ఉంది.

ఆమె లోపలికి వెళ్ళింది. డాక్టరమ్మ లెక్కలు వేసుకుంటోంది.

"అమ్మా, చప్పుడు ఆగిపోయింది. ఇంకా గంటన్నర ఉంచాలా?"

"రెండు గంటలు పూర్తవ్వాలి కదక్కా."

"సున్నం అయిపోయాక యాసిడ్ ఏం చేస్తూ ఉంటుంది?"

"ఏం చేస్తుంది, ఊరికే ఉంటుంది," అంది డాక్టరమ్మ తల ఎత్తకుండా.

"ఊరికే ఉంటుందా? మా మేస్త్రీ పని లేనప్పుడు ఊరికే ఉండేవాడు కాదమ్మా. ఎవర్నో ఒకర్ని పట్టుకుని తినేవాడు."

డాక్టరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. తర్వాత కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడుకి పక్క గదిలో వాళ్ళు కూడా తిరిగి చూశారు.

అదే బస్తాను రెండు భాగాలు చేశారు. ఒక భాగాన్ని చప్పుడు ఆగగానే తీశారు, రెండోదాన్ని రెండు గంటలూ ఉంచారు. మిగతా పనంతా ఒకేలా చేసి, నాలుగో రోజున రెండు జిగుర్లనూ రెండు పొడవాటి గాజు గొట్టాల్లో పోశారు. డాక్టరమ్మ ఒక్కోదాంట్లో ఒక చిన్న స్టీలు గోళీ వదిలింది. రెండు గంటలు ఉంచినదాంట్లో గోళీ నూతిలో రాయి పడ్డట్టు పడింది. చప్పుడు ఆగగానే తీసినదాంట్లో తీరుబడిగా, మెట్లు దిగుతున్న పెద్దమనిషిలా దిగింది.

లేతపెంకులో సున్నం తక్కువ. అది తొందరగా కరిగిపోయాక, మిగిలిన యాసిడ్ చక్కెర గొలుసు మీద పడి ముక్కలు ముక్కలు చేస్తోంది. ముక్కలైన గొలుసుకి బలమెక్కడిది? తర్వాత్తర్వాత యాసిడ్ పులుపును కొలిచే మీటరు కొన్నారు గానీ, గోడ మీద కాగితంలో రెండు గంటలు అన్న మాట కొట్టేసి, "చప్పుడు ఆగగానే తీసెయ్యాలి" అని డాక్టరమ్మ తన చేత్తో రాసింది. కింద పెంకమ్మ చేత సంతకం పెట్టించింది. మొదట ఆమె వద్దంది. "పనిచేసిన బుర్ర ఎవరిదో వాళ్ళ సంతకమే ఉండాలి," అంది డాక్టరమ్మ. కొత్త కాగితం అచ్చు వేయించినప్పుడల్లా ఆ సంతకం మళ్ళీ పెట్టాల్సి వచ్చేది. పెంకమ్మకు అదో పెద్ద తతంగం. చేతులు తుడుచుకుని, కళ్ళజోడు సర్దుకుని, ఊపిరి బిగబట్టి పెట్టేది.

ఆ సంతకమే తర్వాత ఒక తగువుకు కారణమైంది.

రెండేళ్ళ తర్వాత పెద్దాసుపత్రి వాళ్ళు బిళ్ళల్ని వాడి చూస్తామన్నారు. అనుమతులన్నీ వచ్చాయి. సరుకు తయారైంది, పరీక్షలో నెగ్గింది, పెట్టెలు కట్టారు. మరునాడు వ్యాను వస్తుంది. ప్రతి విడత సరుకుకూ రెండు సంతకాలు ఉండాలి, చేసినవాళ్ళది ఒకటి, పరీక్షించినవాళ్ళది ఒకటి. డాక్టరమ్మ పెట్టేసింది. పెంకమ్మ పొద్దున్నే వచ్చి, కాగితం ముందు కూర్చుని, పెన్ను మూత తీయలేదు.

"ఏమైందక్కా?"

"ఇది పంపొద్దమ్మా."

"ఎందుకు? పరీక్ష బాగానే ఉందిగా. ప్రోటీను లేదని వచ్చింది."

"ఈ సరుకు వడగట్టిన సంచి కుట్టు ఊడితే నిన్న ఇంటికి పట్టుకెళ్ళాను. మా ఆయన సరిచేశారు. పొద్దున లేచేసరికి రెండు చేతులూ దద్దుర్లు."

డాక్టరమ్మ నిట్టూర్చింది. "ఇంకేదో పడక వచ్చి ఉంటుంది. కొత్త సబ్బో, కొత్త గుడ్డో. వాళ్ళు రేపటికల్లా కావాలంటున్నారు. ఎన్నాళ్ళు ఎదురుచూశామో మీకు తెలుసు."

"ఈ సంచులు మూడేళ్ళ నుంచి కుడుతున్నారు, బాగుచేస్తున్నారు. ఒక్కసారి గోకలేదు. రొయ్యకి తప్ప ఆయనకి దేనికీ అలా రాదు. నాకు ఇరవై ఏళ్ళుగా తెలిసిన చేతులు అవి."

"అక్కా, మీ ఆయన చేతులు పరీక్ష కాదు."

"కాదు. అందుకే మీ పరీక్ష మళ్ళీ చేయమంటున్నాను. పై పెట్టెలోది కాదు, అన్నిటికన్నా అడుగునున్నది తీసి చేయండి. అది బాగుంటే మీరడిగినన్ని సంతకాలు పెడతాను."

డాక్టరమ్మకు కోపం వచ్చింది. ఆవిడ కోపంలో గొంతు పెంచదు, తగ్గిస్తుంది. "ఇంత పెంకితనం పనికిరాదు," అని మాత్రం అని, అడుగు పెట్టె విప్పించింది. గాజు గొట్టంలో ముక్క వేసి మందు చుక్కలు పోసింది. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి చూశారు. ముందు ఏమీ లేదు. తర్వాత మెల్లగా, అంచుల నుంచి, నీలం తేలింది. ప్రోటీను ఉంటేనే తేలే రంగు అది.

ఎందుకా అని చూస్తే, ఉడికించే పాత్రలో కలియబెట్టే రెక్క ఒకటి విరిగి అడుగున పడి ఉంది. పైనున్న సరుకు శుభ్రంగా ఉడికింది, అడుగున ఉన్నది ఉడకలేదు. అడుగు పెట్టెలోకి వెళ్ళింది ఆ సరుకే. బిళ్ళలన్నీ పడేశారు. ఆసుపత్రి వాళ్ళకు ఫోను చేసి మూడు వారాలు ఆలస్యమవుతుందని డాక్టరమ్మే చెప్పింది. అటునుంచి ఏవో మాటలు వినబడ్డాయి. ఆవిడ అన్నీ విని, "మా దగ్గరే తప్పు దొరికిందండీ. మీ దగ్గర దొరక్కుండా చూశాం," అని పెట్టేసింది. తర్వాత పెంకమ్మ వైపు తిరిగింది. "బావగారి చేతులు ఎలా ఉన్నాయి?" అని అడిగింది. అంతకుముందు ఎప్పుడూ ఆయన్ని అలా అనలేదు.

"గోక్కుంటూనే గొప్పలు పోతున్నారు. తనని కూడా రిజిస్టరులోకి ఎక్కించాలట, పరీక్షా యంత్రం కింద," అంది పెంకమ్మ.

ఆ రోజు నుంచి పై నుంచీ, మధ్య నుంచీ, అడుగు నుంచీ మూడు చోట్ల ముక్కలు తీసి చూడనిదే పెట్టె కదలకూడదని నియమం పెట్టారు.

సరుకు ఆసుపత్రికి చేరిన రెండు నెలలకు అక్కడి పెద్ద నర్సు కబురు పంపింది, చేసినవాళ్ళు వచ్చి ఒకసారి చూస్తే బాగుంటుందని. డాక్టరమ్మ పెంకమ్మను వెంటపెట్టుకు వెళ్ళింది. అది మూత్రపిండాలు పాడైనవాళ్ళకు రక్తం శుభ్రంచేసే వార్డు. పన్నెండు మంచాలు, పక్కన పన్నెండు యంత్రాలు. అక్కడికి వచ్చేవాళ్ళు వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు పడుకోవాలి. అయిపోయాక చేతిలోంచి లావాటి సూదులు తీస్తారు. ఆ సూది పోట్ల నుంచి రక్తం ఆగడానికి పావుగంటో ఇరవై నిమిషాలో వేలితో నొక్కి పట్టుకోవాలి. అప్పటికే ఓపిక అడుగంటిన మనుషులు.

కిటికీ పక్క మంచం మీద ఉన్నాయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరయినవాడు. నర్సు సూది తీసి, తెల్లటి బిళ్ళ పోటు మీద పెట్టి, తేలిగ్గా నొక్కింది. పెంకమ్మ కళ్ళార్పకుండా చూసింది. బిళ్ళ అంచున ఒక చిన్న ఎర్ర చుక్క తేలి, ఇంకా విస్తరిస్తుందేమో అనుకునేలోపు అక్కడే ఆగిపోయింది.

"నాలుగు నిమిషాల పది సెకన్లు," అన్నాడు మాస్టారు, గోడ గడియారం చూస్తూ. "ఇదివరకు సగటున పదిహేడు. నేను రాసి పెట్టుకున్నాను. ఏంటిదమ్మా, దూదా?"

"కాదండీ," అంది పెంకమ్మ. "చక్కెర."

"నాకు షుగరు కూడా ఉందే," అన్నాడాయన కంగారుగా. నర్సు నవ్వేసింది. డాక్టరమ్మ వివరించబోతే ఆమెను ఆపి, పెంకమ్మే చెప్పింది. గొలుసు సంగతి, సున్నం సంగతి, చప్పుడు సంగతి. మాస్టారు మధ్యమధ్య ప్రశ్నలు వేశాడు, ఒక్కో గొలుసులో ఎన్ని రేణువులుంటాయని కూడా అడిగాడు. వేలల్లో ఉంటాయని ఆమె చెబితే, కచ్చితంగా ఎన్నో కనుక్కుని రమ్మన్నాడు.

"అయితే ఈ పదమూడు నిమిషాలూ మీరిచ్చినవే," అన్నాడు చివరికి చొక్కా చెయ్యి దించుకుంటూ. "వాటితో ఏం చేస్తున్నానో తెలుసా తల్లీ? మూడున్నర బస్సు అందుకుంటున్నాను. ఇదివరకు అది నా కళ్ళ ముందే వెళ్ళిపోయేది. తర్వాతది అయిదింటికి. మా మనవరాలు బడి నుంచి వచ్చేసరికి ఇప్పుడు ఇంట్లో ఉంటున్నాను."

తిరిగి వచ్చి కార్ఖానా మలుపు దగ్గర దిగాక పెంకమ్మ, "అమ్మా, ఆ బిళ్ళ మూలలు గుచ్చుకునేలా ఉన్నాయి. ముసలి చర్మం కదా. గుండ్రంగా కోస్తే?" అంది. మర్నాటి నుంచి గుండ్రంగానే కోశారు.

ఆ తర్వాత కార్ఖానా పెరిగింది. షెడ్డులో పెంకులు ఎండలో పడి ఉండకుండా, వలిచిన గంటలోపు ఐసు పెట్టెల్లోకి చేరాలని పెంకమ్మ మేస్త్రీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఒప్పించింది. బల్ల దగ్గర నుంచి పదకొండు మంది ఆడవాళ్ళను తీసుకొచ్చి పని నేర్పింది. చదువుకున్న పిల్లలు వస్తే ముందు వాళ్ళను నాలుగు రోజులు తొట్టి పక్కన పీట మీద కూర్చోబెట్టి, వినమనేది. మీటరు ఉంది కదా అని ఒకమ్మాయి అంటే, "మీటరు చెడిపోయిందని మీటరు చెప్పదమ్మా," అంది. ఆ అమ్మాయి ఇప్పుడు పరీక్షల గదికి పెద్ద.

పెంకమ్మకు యాభై ఆరు నిండాయి. మోకాళ్ళు సహకరించడం లేదు. ఇక తగ్గించుకుంటానని ఆమె చెప్పబోతున్న వారమే, డాక్టరమ్మ ఒక తడి గోనె సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. లోపల గోధుమరంగు సముద్రపు నాచు, జారుడుగా, తోలు పట్టీల్లాగా.

"ఇదేంటమ్మా?"

"ఇదీ చక్కెర గొలుసే అక్కా. ఇంకో రకం. దీన్ని దారాలుగా తీసి పట్టీ అల్లితే, లోతు పుండ్లలో పెట్టొచ్చు. చీము, తడి పీల్చుకుని జిగురులా మారుతుంది. తీసేటప్పుడు పచ్చి మాంసానికి అతుక్కోదు, నొప్పి ఉండదు. మంచాన పడ్డవాళ్ళకి ఎంత సుఖమో ఆలోచించండి. కానీ ఒకసారి దారం బాగా వస్తోంది, ఒకసారి తెగిపోతోంది."

"అంటే మళ్ళీ మొదట్నుంచా? నా తలప్రాణం తోకకొచ్చింది పెంకులతోనే," అని గొణిగింది పెంకమ్మ. గొణుగుతూనే సంచిలో చెయ్యి పెట్టింది. ఒక పట్టీ తీసి, వేళ్ళ మధ్య రుద్ది, వంచి, వాసన చూసింది. ఏమీ తెలియలేదు. ఆ చేతులకు ఏమీ తెలియని వస్తువు తగిలి చాలా ఏళ్ళయింది.

"ఎవరు ఏరుతున్నారు దీన్ని?"

"ఎవరో ఉన్నారు, ఉత్తరపు ఒడ్డున. సరుకు పంపే ఆయనకి తెలుసు. ఎందుకు?"

మర్నాడు పొద్దున్నే దర్జీ పెంకమ్మను ఉత్తరపు ఒడ్డుకు బస్సెక్కించాడు. రెండు గంటల ప్రయాణం. ఒడ్డున రాళ్ళ మధ్య మోకాలి లోతు నీళ్ళలో వంగి, తనకన్నా పెద్దావిడ ఒకామె కొడవలితో నాచు కోసి బుట్టలో వేస్తోంది. కొన్నిటిని కోస్తోంది, పక్కనే ఉన్న కొన్నిటిని ముట్టుకోకుండా వదిలేస్తోంది. పెంకమ్మ చెప్పులు రాయి మీద విడిచి, చీర కొంగు నడుముకు దోపుకుని, మోకాళ్ళ నొప్పి పంటి బిగువున భరిస్తూ నీళ్ళలోకి దిగింది.

"వదినా," అని పిలిచింది, "అవెందుకు వదిలేస్తున్నావు?"